గ్యాస్ గీజర్: బిగింపు, సంరక్షణ

పారుతున్న నీళ్ళను వంటగ్యాసు మంటతో అప్పటికప్పుడు వేడిచేసి ఇచ్చే గృహోపకరణం గ్యాస్ గీజర్. మామూలు కరెంటు గీజర్‌లా ఇది నీళ్ళను నిలవ ఉంచి కాచదు. కుళాయి తిప్పగానే వెలుగుతుంది, కట్టేయగానే ఆరిపోతుంది. తెలుగు ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది నిమిషానికి 6 లీటర్ల రకం. ఆ ధారను 25 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కించాలంటే 10 కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. వంటింటి పొయ్యిలో పెద్ద బర్నర్ ఇచ్చేది 2 కిలోవాట్ల చుట్టుపక్కలే. గీజర్ వెలిగిందంటే ఐదు పొయ్యిలు ఒకేసారి పెద్ద మంట మీద మండుతున్నట్టు లెక్క. స్నానాల గదిలో ఐదు పొయ్యిలు వెలిగించి తలుపు వేసుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. అదే మంటను తెల్ల డబ్బాలో పెట్టి గోడకు తగిలిస్తే మాత్రం ఆ ఆలోచనే రాదు. గీజర్ ప్రమాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్ నుంచి వచ్చింది. అక్కడ నేలలోంచి ఎగజిమ్మే ఒక వేడినీటి ఊట పేరు గేసిర్. లండన్‌లో పెయింటర్‌గా పనిచేసే బెంజమిన్ వాడీ మాన్ 1868లో పేటెంటు తీసుకున్న గ్యాస్ హీటర్‌తో ఈ పేరు స్నానాల గదికి చేరింది. దానికి పొగగొట్టం లేదు. కాలిన వాయువులన్నీ గదిలోకే వచ్చేవి. 1890లలో జర్మనీలోని డెస్సౌలో గ్యాస్ హీటర్ల తయారీ మొదలుపెట్టిన హ్యూగో యుంకర్స్ ఈ సాధనాన్ని చాలా మెరుగుపరిచాడు. తరవాతి కాలంలో లోహపు విమానాలు కట్టి పేరు తెచ్చుకున్న యుంకర్స్ ఈయనే.

తెలుగునాట స్నానాలకు నీళ్ళు కాగింది పెరట్లో. మొదట పొయ్యి మీద కాగు, ఆ తరవాత నడుమ గొట్టం, అడుగున నిప్పులు ఉండే రాగి బాయిలర్. రెండూ ఆరుబయటో వసారా చివరో ఉండేవి. కట్టెల పొగ కళ్ళు మండిస్తుంది కనక దాన్ని ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. వంటగ్యాసు మంటకు కంటికి కనిపించే పొగ లేదు. దాంతో నిప్పు గోడ దాటి లోపలికి వచ్చేసింది. కరెంటు కోతతో పని లేకపోవడం, ఎదురుచూడక్కర్లేకపోవడం, ఖర్చు తక్కువన్న నమ్మకం దీన్ని మధ్యతరగతి ఇళ్ళకు చేర్చాయి. ఖర్చు సంగతి ఇలా ఉంటుంది: 20 లీటర్ల బకెట్ నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి దాదాపు 45 గ్రాముల గ్యాసు పడుతుంది. 14.2 కిలోల సిలిండర్ మూడువందల బకెట్లకు వస్తుంది. అదే బకెట్‌కు కరెంటయితే అర యూనిట్ ఖర్చవుతుంది. ఏది చవక అన్నది ఆ నెల సిలిండర్ ధరనూ, ఇంటి కరెంటు స్లాబునూ బట్టి మారుతుంది.

పనిచేసే తీరు

డబ్బా లోపల నీటికో దారి, గ్యాసుకో దారి ఉంటాయి. ఈ రెంటికీ లంకె వేసేది చేతి బిళ్ళంత రబ్బరు డయాఫ్రమ్. నీళ్ళు పారితే ఆ ఒత్తిడికి డయాఫ్రమ్ ఒక పక్కకు ఒరిగి చిన్న కడ్డీని నెడుతుంది. కడ్డీ మైక్రోస్విచ్‌ను తాకుతుంది. రెండు పెద్ద బ్యాటరీల మూడు వోల్టులతో టకటకమని నిప్పురవ్వ పుడుతుంది, గ్యాసు వాల్వ్ తెరుచుకుంటుంది. బర్నర్ పైన సన్నటి రాగి రేకులు దగ్గరదగ్గరగా పేర్చిన పెట్టె, దాని చుట్టూ తిరిగే రాగి గొట్టం ఉంటాయి. మంట వేడిని రేకులు పట్టుకుని గొట్టంలో నీళ్ళకు అందిస్తాయి. మంట ఆరితే గ్యాసు ఆపడానికి ఒక సెన్సర్, నీళ్ళు మరీ కాగిపోతే ఆపడానికి మరొకటి ఉంటాయి. చాలా మోడళ్ళు 20 నిమిషాలు ఏకధాటిగా వెలిగితే వాటంతటవే ఆరిపోతాయి. నీళ్ళ గీజర్‌కు ఆ గడువు ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు గాలి లెక్కలో దొరుకుతుంది.

గాలి లెక్క

కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 13 ఘనమీటర్ల గాలి కావాలి. ఆరు లీటర్ల గీజర్ పది నిమిషాల్లో 160 గ్రాముల పైచిలుకు గ్యాసు కాలుస్తుంది. అంటే రెండు ఘనమీటర్లకు మించిన గాలిలోని ప్రాణవాయువును వాడేసుకుంటుంది. అపార్ట్‌మెంట్లలో ఐదడుగులు బై ఏడడుగులు ఉండి, ఎనిమిదడుగుల ఎత్తున ఫాల్స్ సీలింగ్ వేసిన స్నానాల గదిలో ఉండే మొత్తం గాలి ఎనిమిది ఘనమీటర్లు. పది నిమిషాల స్నానంలో పావు వంతు గాలి బర్నర్‌లోంచి వెళ్ళిపోయినట్టు. కిటికీ, వెంటిలేటర్, తలుపు కింద సందు అన్నీ మూసి ఉంటే 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 16 దరిదాపులకు పడిపోతుంది.

మంటకు ఆక్సిజన్ చాలినంత కాలం వెలువడేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. అది తగ్గుతున్నకొద్దీ గ్యాసు అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆక్సిజన్ 18 శాతం కన్నా కిందికి పడ్డాక ఆ ఉత్పత్తి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆక్సిజన్ ఆ స్థాయికి పడిపోతే గ్యాసు కట్టేసే సెన్సర్‌ను కొన్ని ఉపకరణాల్లో అమర్చేది ఇందుకే. గీజర్ కొనేటప్పుడు రంగు, డిజిటల్ తెర కన్నా ముందు అడగాల్సింది ఈ సెన్సర్ ఉందా అని, ఐఎస్ఐ గుర్తు ఉందా అని. ఎల్‌పీజీతో నడిచే చిన్న గృహ హీటర్లకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ప్రమాణం ఐఎస్ 15558.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు. వంటగ్యాసు లీకైతే ముక్కు పట్టేస్తుంది, ఎందుకంటే అందులో ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కావాలనే కలుపుతారు. మంటలో ఆ వాసన కూడా కాలిపోతుంది. గ్యాసు వాసన రాలేదు కాబట్టి భయం లేదన్న మాట గీజర్ దగ్గర చెల్లదు.

రక్తంలోని హీమోగ్లోబిన్‌కు కార్బన్ మోనాక్సైడ్ మీద ఉన్న మక్కువ ఆక్సిజన్ మీద ఉన్నదానికి రెండువందల రెట్లకు మించినది. పీల్చిన కొద్దిపాటి వాయువే ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమించి కదలదు. పదిలక్షల పాళ్ళ గాలిలో 400 పాళ్ళు ఉంటే గంట రెండు గంటల్లో తలనొప్పి వస్తుంది. 1600 పాళ్ళు ఉంటే ఇరవై నిమిషాల్లోనే తలతిరుగుడు, వికారం మొదలవుతాయి. ఆపైన కాళ్ళలో సత్తువ పోతుంది. మనిషికి ప్రమాదం తెలిసే వేళకు లేచి గొళ్ళెం తీసే శక్తి మిగలకపోవచ్చు. గర్భిణులకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరింత త్వరగా వస్తుంది.

స్నానాల గదిలో మూర్ఛ వచ్చి పడిపోయినవారిని మూర్ఛరోగులుగా భావించి మందులు మొదలుపెట్టిన ఉదంతాలు భారత వైద్య పత్రికల్లో ఉన్నాయి. దక్షిణ భారతంలో దీనికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. తల మీద వేడినీళ్ళు పోసుకుంటే వచ్చే మూర్ఛ ఇక్కడ వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన జబ్బు. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉందా అని అడగకపోతే ఆ రెంటినీ విడదీయడం కష్టం. ఇలాంటి కేసులను పోగుచేసిన వైద్యులు దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అన్నారు.

ఎక్కడ బిగించాలి

గీజర్ బిగింపు అంటే చాలామందికి గోడకు రెండు రంధ్రాలు, రెండు నీటి పైపులు, ఒక గ్యాస్ పైపు. నిజానికి అసలు పని అక్కడితో కాదు, గాలి వచ్చే దారి, కాలిన వాయువు పోయే దారి చూపించడంతో పూర్తవుతుంది. పొగగొట్టం లేని రకం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేదీ అదే. దాని స్థానం ఆరుబయలు మాత్రమే. పొగగొట్టం ఉన్న రకంలో కాలిన వాయువు బయటికి పోతుంది కానీ మంటకు గాలి గదిలోంచే కావాలి. ఒకదానిలో ఒకటి దూర్చిన జంట గొట్టంతో బయటి గాలి పీల్చి బయటికే వదిలే మూసిన రకం అన్నిటిలోకి క్షేమం. ధర ఎక్కువ కనక ఇక్కడి బజార్లలో అరుదు. బ్రిటన్ లాంటి చలిదేశాల్లో ఇళ్ళ బాయిలర్లు ఎక్కువగా ఈ రకానివే. అక్కడ 2009 ఏప్రిల్ 1 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవారే గ్యాస్ పరికరం ముట్టుకోవాలి. అద్దె ఇళ్ళలో ఏడాదికోసారి తనిఖీ చేయించి ఆ పత్రం అద్దెకున్నవారికి ఇవ్వడం యజమాని బాధ్యత. అక్కడ అద్దెకుండే తెలుగు విద్యార్థులు అడిగి తీసుకోవలసిన కాగితం అది. ఇక్కడ గీజర్ బిగింపు మామూలుగా దుకాణం పంపే మనిషి చేతిలోనో, ప్లంబర్ చేతిలోనో ఉంటుంది.

తెలుగు ఇళ్ళలో అనువైన చోటు వాష్ ఏరియా, బాల్కనీ, సజ్జ నీడ పడే బయటి గోడ. అక్కడినుంచి వేడినీళ్ళ పైపు లోపలికి తీసుకుంటే గదిలో మంటే ఉండదు. ఇందులోనూ కొన్ని తిరకాసులు ఉన్నాయి. వానకు, దోమలకు భయపడి బాల్కనీని అద్దాలతో మూసేస్తే అది కూడా గదే అవుతుంది. గీజర్‌ను సరిగ్గా స్నానాల గది వెంటిలేటర్ కింద తగిలిస్తే వేడి వాయువు పైకి లేచి నేరుగా లోపలికే వస్తుంది. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే ఇంకా జోరుగా లాక్కుంటుంది. అపార్ట్‌మెంట్ డక్టులోకి పొగగొట్టం వదలడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పైపులు దిగే ఆ సన్నటి బావిలోకి అన్ని అంతస్తుల స్నానాల గదుల కిటికీలూ తెరుచుకుంటాయి, ఒకరి గీజర్ వదిలింది పై అంతస్తు వారు పీలుస్తారు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే చాలన్న భరోసా కూడా సగమే నిజం. గదిలోకి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాన్ తిప్పితే, గదిలోని పొగగొట్టంలో పైకి పోవాల్సిన వాయువును అదే వెనక్కు గుంజుతుంది. గాలి కింద నుంచి రావాలి, పై నుంచి పోవాలి. రెండు రంధ్రాలకూ మూత ఉండకూడదు. చలికాలంలో వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డుపెట్టడం, పాత పేపర్లు కుక్కడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది.

గ్యాసు, నీళ్ళు

గృహ సిలిండర్ రెగ్యులేటర్ నుంచి గ్యాసు చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడితో వస్తుంది. గీజర్ ఆ ఒత్తిడికే తయారైంది. హోటళ్ళ భట్టీలకు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలిస్తే మంట డబ్బా బయటికి వస్తుంది. సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి. స్నానాల గదిలోగానీ సెల్లార్‌లోగానీ పెట్టకూడదు, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కనక పల్లానికి చేరి నిలుస్తుంది. వంటింటి సిలిండర్ నుంచి టీ-జాయింటు వేసి, రబ్బరు పైపును గోడ రంధ్రంలోంచి దూర్చి స్నానాల గది దాకా లాగడం మామూలుగా చూసే తప్పు. గోడలో ఇరుక్కున్న పైపు పగిలినా కనిపించదు, ఎలుక కొరికినా తెలియదు. దూరం ఎక్కువైతే గోడకు క్లాంపులతో బిగించిన రాగి లేదా జీఐ పైపు వేయాలి. చివర మాత్రమే ఉక్కుతీగ అల్లిన నారింజరంగు సురక్షా పైపు పొట్టి ముక్క ఉండాలి. దాని ఆయుష్షు ఐదేళ్ళు, గడువు పైపు మీదే అచ్చువేసి ఉంటుంది. బిగించాక ప్రతి జాయింటుకూ సబ్బునీళ్ళు పూసి బుడగలు లేస్తాయేమో చూడాలి. అగ్గిపుల్లతో పరీక్షించే మెకానిక్ చేత ఆ పని అక్కడితో ఆపించడం మంచిది.

హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో పైపు గ్యాసు తీసుకున్న ఇళ్ళలో ఇంకో మెలిక వస్తుంది. పైపుల్లో వచ్చేది మీథేన్, దాని ఒత్తిడి 21 మిల్లీబార్లు. ఎల్‌పీజీకి రంధ్రం చిన్న జెట్, పైపు గ్యాసుకు పెద్ద జెట్ కావాలి. పైపు గ్యాసు గీజర్‌కు సిలిండర్ తగిలిస్తే మంట ఉబ్బి పసుపెక్కి మసి కడుతుంది. జెట్ మార్చకుండా కనెక్షన్ మార్చడం కుదరదు.

నీటి సంగతికి వస్తే, ట్యాంకుకూ షవర్‌కూ ఎత్తు తేడా చాలకపోతే గీజర్ వెలగదు. మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. డయాఫ్రమ్ కదలాలంటే కనీసం రెండు మూడు మీటర్లు ఉండాలి. పై అంతస్తుల ఇళ్ళలో గీజర్ పాడైందని పిలిపించిన కేసుల్లో కొన్నిటికి కారణం ఇదే. స్విచ్‌ను లాగి కట్టేసి ఎలాగోలా వెలిగేలా చేయడం కొందరి చిట్కా. నీళ్ళు లేకున్నా మంట మండే ఏర్పాటు అది.

సంరక్షణ

ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష మంట రంగు చూడడం. డబ్బా ముందున్న చిన్న కిటికీలోంచి మంట నీలంగా, పొట్టిగా, కదలకుండా కనిపించాలి. పసుపురంగు నాలుకలు లేస్తే, డబ్బా మీద గోధుమరంగు మరక కడితే, వెలిగేటప్పుడు బుస్సుమన్న చప్పుడు వస్తే గీజర్ కట్టేసి మెకానిక్‌ను పిలవాలి. రెండో పరీక్ష కుళాయి కట్టేసి మంట చూడడం. వెంటనే ఆరకుండా క్షణాలపాటు సాగితే రబ్బరు గట్టిపడిందని, లేదా కడ్డీ ఇరుక్కుందని అర్థం. పారని నీళ్ళ కింద మంట మండితే గొట్టంలో ఆవిరి పుట్టి చీలుతుంది.

ఏడాదికోసారి, చలికాలం మొదలుకాకముందే డబ్బా విప్పించాలి. వేసవి అంతా వాడని గీజర్ బర్నర్ గొట్టాల్లో సాలీళ్ళు గూళ్ళు అల్లుతాయి. బయటి గోడకు ఉన్న గీజర్ల జెట్ పక్క రంధ్రంలో కుమ్మరి పురుగు తెచ్చి మెత్తిన మట్టి ముద్ద దొరుకుతుంది. బఠాణీ గింజంత మట్టి గాలి దారి మూస్తే చాలు, కొత్త గీజర్ కూడా పసుపు మంట మండుతుంది. రాగి రేకుల మధ్య మసి పేరుకుంటే వాయువు పైకి పోలేక ముందు నుంచి గదిలోకి వస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో, వాక్యూమ్‌తో దాన్ని తీయాలి. రేకులు వంగకూడదు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో లోపలి గొట్టానికి గార పడుతుంది. నీళ్ళు 60 డిగ్రీలు దాటి కాగేకొద్దీ అది త్వరగా కడుతుంది కనక, మరిగే నీళ్ళు తీసుకుని చన్నీళ్ళు కలుపుకోవడం కన్నా నాబ్ తగ్గించి వాడుకోవడం మేలు. ధార సన్నబడి, గీజర్ లోపల గిన్నెలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడైతే గార ముదిరినట్టు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు గొట్టంలో నింపి కాసేపు ఉంచి కడిగేస్తారు. ఆ పని గ్యాసు కనెక్షన్ విప్పాక చేయాలి. ఊరెళ్ళేటప్పుడు రెగ్యులేటర్ కట్టేసి బ్యాటరీలు తీయాలి. కారిన బ్యాటరీ రసం స్విచ్‌ను తినేస్తుంది.

వాడకం

గీజర్ ఇంకా స్నానాల గదిలోనే ఉన్న ఇళ్ళకు తెలుగువారి బకెట్ స్నానం ఒక వరం. తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు తలుపు వేసుకుని స్నానం చేయవచ్చు. షవర్ కింద ఆ వెసులుబాటు లేదు. భోగి తెల్లవారుజామున ఇంటిల్లిపాదికీ తలంట్లు. చలికి కిటికీలు బిగించి ఉంటాయి, ఒకరి తరవాత ఒకరు వెళతారు. వరసలో చివర వెళ్ళేవారు అందరూ వదిలిన గాలిలోకి వెళతారు. ఇద్దరి మధ్య తలుపు, కిటికీ పది నిమిషాలు తెరిచి ఉంచితే అది తీరుతుంది. 20 నిమిషాల గడువుకు ఆరిన గీజర్‌ను వెంటనే మళ్ళీ వెలిగిస్తే ఆ గడువు పెట్టిన ప్రయోజనం పోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటే అది పడకగది వైపు గోడకు ఉండాలి. అయినా అది నిమిషాలు గడిచాకే మోగుతుంది: పదిలక్షలకు 400 పాళ్ళ దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. అలారం వెంటిలేటర్‌కు బదులు కాదు.

ఎవరైనా లోపలికి వెళ్ళి పలకకపోతే ముందు తలుపు పగలగొట్టాలి. ఊపిరి బిగబట్టి కిటికీ తెరిచి, గీజర్ కట్టేసి, మనిషిని ఆరుబయటికి తేవాలి, 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో శుద్ధ ఆక్సిజన్ ఇస్తే ఆ వ్యవధి గంటా గంటంబావుకు తగ్గుతుంది. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, మతిమరుపు, కదలికల్లో మందకొడితనం కొందరిలో వారాల తరవాత బయటపడతాయి. అక్కడ వేలికి తగిలించే ఆక్సీమీటర్ 98, 99 చూపించవచ్చు. ఆ సాధనం కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కిస్తుంది. అందుకే వెంట వెళ్ళినవారు డాక్టర్‌కు మొట్టమొదట చెప్పాల్సిన మాట, స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వెలుగుతోందని. సిలిండర్ గ్యాసు లీకేజీకి దేశమంతటా పనిచేసే నంబరు 1906.